మొండి బాకీల భారం ఎవరి వడ్డీలో కలుస్తుంది?

2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపల రిజర్వు బ్యాంకు తాను బ్యాంకులకు ఇచ్చే స్వల్పకాలిక అప్పు మీద వేసే వడ్డీని, అంటే రెపో రేటును, 6.50 శాతం నుంచి 5.50 శాతానికి తగ్గించింది. ఒంగోలులో ఇంటి అప్పు ఉన్న ఉద్యోగికి ఆ తగ్గింపు కొద్ది నెలల్లోనే నెలవారీ వాయిదాలోనో, మిగిలిన గడువులోనో కనిపించింది. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంట కౌలుకు చేసే రైతు సంగతి వేరు. రెపో రేటు 4 శాతానికి దిగిన 2020లోనూ, 6.50 శాతానికి ఎక్కిన 2023లోనూ అతను నూటికి రెండు రూపాయల వడ్డీకే నోటు రాస్తూ వచ్చాడు. నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. రిజర్వు బ్యాంకు గవర్నరు ముంబయిలో ఏం ప్రకటించినా ఆ అంకె కదలదు. దీనికి కారణాలు అనేకం ఉన్నాయి గాని, వాటిలో జనం అంతగా పట్టించుకోనిది బ్యాంకుల లెక్కల్లో పేరుకున్న మొండి బాకీలు. ఆ బాకీల భారం బ్యాంకు గోడకు తగిలించిన వడ్డీ పట్టికలో కొంతే కనిపిస్తుంది. అప్పు దొరక్క బ్యాంకు మెట్లు దిగి వెళ్లినవారు బయట కట్టే వడ్డీలోనే అది ఎక్కువగా ఉంటుంది.

ముందు మొండి బాకీ అంటే ఏమిటో చూడాలి. అసలో వడ్డీయో గడువు దాటి 90 రోజులకు మించి చెల్లింపు లేకుండా ఉంటే, ఆ అప్పును బ్యాంకు నిరర్థక ఆస్తిగా లెక్కగట్టాలి. పంట అప్పులకు కొలత వేరు: స్వల్పకాలిక పంటలైతే రెండు పంట కాలాలు, దీర్ఘకాలిక పంటలైతే ఒక పంట కాలం గడిచాక ఆ ముద్ర పడుతుంది. ఆ రోజు నుంచి బ్యాంకు ఆదాయానికి రెండు దెబ్బలు తగులుతాయి. మొదటిది, ఆ అప్పు మీద వడ్డీని చేతికి డబ్బు వస్తే తప్ప ఆదాయంగా రాసుకోకూడదు. వస్తుందన్న నమ్మకంతో అప్పటికే రాసుకుని చేతికి అందని వడ్డీని కూడా వెనక్కి తీసేయాలి. రెండోది, ఆ అప్పు రాకుండా పోయే అవకాశానికి తగినట్లు లాభంలోంచి కొంత సొమ్ము పక్కన పెట్టాలి. దీన్ని బ్యాంకర్లు ప్రొవిజన్ అంటారు. వ్యవసాయానికి, చిన్న పరిశ్రమలకు ఇచ్చిన అప్పు సక్రమంగా నడుస్తున్నంత కాలం 0.25 శాతం పక్కన పెడితే చాలు. అది నిరర్థకమైన మొదటి ఏడాది, తాకట్టు ఉంటే 15 శాతం, లేకపోతే 25 శాతం పెట్టాలి. ఏడాది దాటి సందేహాస్పద వర్గంలోకి జారితే, తాకట్టు విలువకు మించిన భాగానికి మొత్తం నూటికి నూరు పెట్టాలి.

అంకెల్లో పెడితే దీని బరువు తెలుస్తుంది. ఒక బ్యాంకు 100 రూపాయలు అప్పులిచ్చిందనుకుందాం. అందులో 88 రూపాయలు జనం డిపాజిట్లు, 12 రూపాయలు బ్యాంకు సొంత మూలధనం. డిపాజిట్లకు 6 శాతం వడ్డీ, అంటే 5 రూపాయల 28 పైసలు. జీతాలు, అద్దెలు, కంప్యూటర్లు వగైరా ఖర్చు 1 రూపాయి 72 పైసలు. మొత్తం 7 రూపాయలు. అప్పులన్నీ 9 శాతం వడ్డీకి సక్రమంగా నడిస్తే 9 రూపాయలు వచ్చి 2 రూపాయలు మిగులుతాయి.

ఇప్పుడు ఆ 100లో 10 రూపాయల అప్పు మొండికేసిందనుకోండి. వడ్డీ వచ్చేది 90 మీదే, కనుక ఆదాయం 8 రూపాయల 10 పైసలు. డిపాజిటర్లకు కట్టాల్సింది మాత్రం ఒక్క పైసా తగ్గదు. ఖర్చులు పోగా మిగిలే 1 రూపాయి 10 పైసల్లోంచి, తాకట్టు ఉన్న అప్పుగా చూసినా 15 శాతం చొప్పున 1 రూపాయి 50 పైసలు ప్రొవిజన్‌కు పోవాలి. 2 రూపాయల లాభం కాస్తా 40 పైసల నష్టంగా మారింది. మునుపటి 2 రూపాయలే మిగలాలంటే, సక్రమంగా కడుతున్న ఆ 90 రూపాయల మీద 10 రూపాయల 50 పైసలు రాబట్టాలి. అంటే వడ్డీ 9 శాతం నుంచి 11.67 శాతానికి ఎక్కాలి. ఎగవేసినవాడి వాటాను కట్టేవాడి నెత్తిన వేయడమంటే అంకెల్లో ఇదే.

అయితే బ్యాంకు నిజంగా అలా పెంచగలదా అంటే, చాలాచోట్ల పెంచలేదు. పక్కవీధిలో మొండి బాకీలు తక్కువున్న బ్యాంకు 9 శాతానికే ఇస్తుంటే, మంచి పరపతి ఉన్నవాడు అక్కడికి వెళతాడు. 11.67 శాతానికైనా సరేనని సంతకం పెట్టేది, ఎలాగూ తిరిగి కట్టే ఉద్దేశం అంతగా లేనివాడో, మరెక్కడా అప్పు పుట్టనివాడో అయి ఉంటాడు. వడ్డీ పెంచిన కొద్దీ అప్పుల నాణ్యత ఇంకా పడిపోతుంది కనుక, ఒక హద్దు దాటాక బ్యాంకు వడ్డీ పెంచడం మానేసి అప్పు ఇవ్వడమే మానేస్తుందని స్టిగ్లిట్జ్, వైస్ అనే ఆర్థికవేత్తలు 1981లోనే సిద్ధాంతీకరించారు.

మూలధనం సంగతి చూస్తే ఈ బిగింపు ఇంకా స్పష్టమవుతుంది. మన దేశంలో బ్యాంకులు నష్టభయాన్ని బట్టి తూకం వేసిన అప్పుల మీద కనీసం 9 శాతం, దానికి తోడు రక్షణగా మరో 2.5 శాతం, వెరసి 11.5 శాతం మూలధనం ఉంచుకోవాలి. పైన చెప్పిన బ్యాంకు మొదటి ఏడాది 40 పైసల నష్టంతో 12 నుంచి 11 రూపాయల 60 పైసలకు దిగింది. రెండో ఏడాది ఆ 10 రూపాయల అప్పుకు పెట్టిన తాకట్టు చిల్లిగవ్వకు కొరగాదని తేలితే, మిగిలిన 8 రూపాయల 50 పైసలు కూడా ఒకేసారి ప్రొవిజన్ చేయాలి. ఆ ఏడాది మిగులు 1 రూపాయి 10 పైసలే కాబట్టి 7 రూపాయల 40 పైసలు మూలధనంలోంచి పోయి 4 రూపాయల 20 పైసలు మిగులుతుంది. ఆ మూలధనంతో నిబంధనల ప్రకారం నడపగలిగిన అప్పులు సుమారు 36 రూపాయలు. చేతిలో ఉన్నవి 90. కొత్తగా వచ్చినవాడి దరఖాస్తు ఎంత బాగున్నా ఆ బ్యాంకు ఏం చేయగలదు? బ్రాంచి మేనేజరు మంచివాడా కాదా అన్న ప్రశ్న ఇక్కడ అనవసరం.

2015 తర్వాత దేశమంతటా జరిగింది దాదాపు ఇదే. ఆ ఏడాది రిజర్వు బ్యాంకు ఆస్తుల నాణ్యతా సమీక్ష చేపట్టి, పైపైన సక్రమంగా కనిపిస్తున్న పెద్ద అప్పుల లోగుట్టు బయటపెట్టింది. పాత అప్పు కట్టడానికి కొత్త అప్పు ఇవ్వడం, గడువులు పొడిగిస్తూ పోవడం వల్ల అప్పటిదాకా కప్పిపెట్టిన బాకీలన్నీ బయటపడ్డాయి. 2018 మార్చి నాటికి బ్యాంకుల స్థూల నిరర్థక ఆస్తులు మొత్తం అప్పుల్లో 11 శాతం దాటాయి. ప్రభుత్వ బ్యాంకుల్లోనైతే 14 శాతం పైమాటే. ఇవి రైతుల బాకీలో, చిరువ్యాపారుల బాకీలో అనుకుంటే పొరపాటు. విద్యుత్తు, ఉక్కు, రహదారుల వంటి రంగాల్లోని పెద్ద ఖాతాలే వీటిలో సింహభాగం. దూరం పోనక్కర్లేదు: కృష్ణపట్నం రేవు సమీపంలో తమ్మినపట్నం వద్ద 1,000 మెగావాట్ల కోసం మొదలైన మీనాక్షి ఎనర్జీ బొగ్గు విద్యుత్కేంద్రం 2019లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. చివరికి 2023లో వేదాంత సంస్థ దాన్ని 1,440 కోట్ల రూపాయల ప్రతిపాదనతో చేజిక్కించుకుంది. అదే తీరంలోని సింహపురి ఎనర్జీ కూడా దివాలా గడప తొక్కి చేతులు మారింది. ఇలాంటి చోట బ్యాంకులకు వచ్చేది బాకీలో ఒక వంతే. మిగిలినది నష్టంగా రాసుకోవాల్సిందే.

ఈ నష్టాల వల్ల ఒక దశలో 11 ప్రభుత్వ బ్యాంకులను రిజర్వు బ్యాంకు సత్వర దిద్దుబాటు చర్యల చట్రంలోకి తెచ్చి, వాటి వ్యాపార విస్తరణకు పగ్గాలు వేసింది. 2017 అక్టోబరులో కేంద్రం 2.11 లక్షల కోట్ల రూపాయల మూలధన పథకం ప్రకటించింది. పై లెక్కలో 12 నుంచి 4 రూపాయల 20 పైసలకు పడిపోయిన బ్యాంకును మళ్లీ నిలబెట్టడమంటే ఇదే. ఆ సొమ్ములో అధిక భాగం ప్రభుత్వ బాండ్ల రూపంలో వచ్చింది. వాటి వడ్డీ బడ్జెట్‌లోంచి పోతుంది. వడ్డీ రూపంలో కట్టనివారు పన్ను రూపంలో కట్టారన్నమాట.

ఇక బ్యాంకు వడ్డీ పెంచగలిగే చోట్లు ఏవి? ఎటూ కదల్లేని పాత ఖాతాదారులే. 2015 జనవరి నుంచి 2017 ఆగస్టు వరకు రెపో రేటు 8 శాతం నుంచి 6 శాతానికి, అంటే రెండు శాతం తగ్గింది. పాత అప్పుల వడ్డీ మాత్రం ఆ మేరకు దిగలేదు. బయటి రేటు తగ్గినా బ్యాంకులు ఆ తేడాను ఖాతాదారుకు ఇవ్వకుండా, పోయిన లాభాలను పూడ్చుకోవడానికి వాడుకున్నాయి. అప్పటి బేస్ రేటు, 2016 ఏప్రిల్‌లో వచ్చిన ఎంసీఎల్ఆర్ రెండూ బ్యాంకు తన లెక్కలతో తాను వేసుకునే రేట్లే కాబట్టి అందుకు వీలు కలిగింది. ఇల్లు, వాహనం వంటి వ్యక్తిగత అప్పుల్లోనూ, సూక్ష్మ, చిన్న పరిశ్రమల అప్పుల్లోనూ మారే వడ్డీని రెపో వంటి బయటి కొలబద్దకు ముడిపెట్టాలని 2019 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు శాసించింది ఈ అనుభవం తర్వాతే. ఒంగోలు ఉద్యోగికి 2025లో తగ్గింపు అంత త్వరగా అందడం ఆ నిబంధన చలవే.

అలాగని తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. కొలబద్ద మీద బ్యాంకు వేసుకునే అదనపు శాతాన్ని స్ప్రెడ్ అంటారు. పాత ఖాతాదారుకు అందులోని నష్టభయపు భాగాన్ని, అతని పరపతి అంచనాలో గణనీయమైన మార్పు వస్తే తప్ప మార్చకూడదు. కొత్తగా వచ్చేవాడికి ఎంత వేయాలన్నది బ్యాంకు ఇష్టం. ఒక రంగంలో, ఒక ప్రాంతంలో, ఒక తరహా వ్యాపారంలో బాకీలు మొండికేసినప్పుడు, ఆ కోవకు చెందిన తర్వాతి దరఖాస్తుదారు స్ప్రెడ్‌లో ఆ అనుభవం చేరుతుంది. చీమకుర్తిలో ఒక గ్రానైటు యూనిట్ ఎగ్గొడితే పక్క యూనిట్ యజమానికి నేరుగా బిల్లు రాదు గాని, అతను యంత్రానికి అప్పడిగినప్పుడు అదనపు పూచీ అడగడమో, అర శాతం ఎక్కువ వేయడమో, నెలల తరబడి ఫైలు తిప్పడమో జరుగుతుంది.

పంట అప్పుల సంగతి దీనికి భిన్నం. మూడు లక్షల రూపాయల వరకు స్వల్పకాలిక పంట అప్పు వడ్డీ 7 శాతమని ప్రభుత్వ రాయితీతో ఖరారై ఉంది. గడువులో కట్టినవారికి మరో 3 శాతం తగ్గి 4 శాతం పడుతుంది. ఇక్కడ బ్యాంకు రేటు పెంచడానికి అవకాశమే లేదు. ధర కదలని చోట పరిమాణమే కదలాలి. కాబట్టి మొండి బాకీల భయం ఇక్కడ నిరాకరణగా మారుతుంది, అది మొదట తగిలేది కౌలు రైతుకు. భూమి యజమాని ఆ పొలం మీద అప్పటికే అప్పు తీసుకుని ఉంటాడు. కౌలుదారు దగ్గర 2019 చట్టం ప్రకారం ఇచ్చిన పంట సాగుదారు హక్కు పత్రం ఉన్నా, అదే భూమి మీద రెండో అప్పు ఇవ్వడానికి బ్యాంకుకు చెయ్యి ఆడదు.

అప్పు ఉన్న రైతుకు కూడా కాగితం మీది 4 శాతం చేతికొచ్చేసరికి 4 శాతంగా ఉండదు. ఏడాది తిరిగేసరికి అసలూ వడ్డీ మొత్తం కట్టి, మళ్లీ కొత్తగా తీసుకోవడాన్ని తిరగరాయించుకోవడం అంటారు. మూడు లక్షలు రైతు చేతిలో ఉండవు. కొద్ది రోజులకని బయట తెచ్చి కట్టి, కొత్త అప్పు ఖాతాలో పడగానే తీర్చేస్తాడు. ఆ కొద్ది రోజులకు నూటికి రూపాయి చొప్పున తీసుకున్నా మూడు వేలు. దాంతో 4 శాతం అప్పు 5 శాతమైంది. బ్యాంకు పుస్తకంలో ఆ ఖాతా చక్కగా నడుస్తున్నట్లే కనిపిస్తుంది. 2015లో రిజర్వు బ్యాంకు పెద్ద కంపెనీల విషయంలో తప్పు పట్టిన పద్ధతికీ దీనికీ పోలిక లేకపోలేదు. కంపెనీ తిరగరాత ఖర్చు బ్యాంకు మీద పడింది, రైతు తిరగరాత ఖర్చు రైతే భరిస్తున్నాడు. తేడా అంతే.

తిరిగి వచ్చే దారి ఖాయంగా ఉంటే అప్పు ఎంత సులువవుతుందో చూడాలంటే పొగాకు వేలం కేంద్రానికి వెళ్లాలి. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కందుకూరు, కలిగిరి కేంద్రాల్లో రైతు తన వంతు రోజున బేళ్లు తెచ్చి తూకం వేయిస్తాడు. వరసగా పేర్చిన బేళ్ల మధ్య నడుస్తూ కొనుగోలుదారులు ఆకు తీసి రంగు, పదును చూసి ధర పలుకుతారు. ఎవరూ పాడని బేలు నోబిడ్ అయి ఇంటికి తిరిగి వెళుతుంది. అమ్ముడైన సరుకు డబ్బు రైతు చేతికి నేరుగా రాదు. బ్యాంకు బాకీకి జమ చేసుకోవాల్సింది పోగా మిగిలినదే వస్తుంది. ఆకు కాల్చే కొట్టమైన బ్యారన్‌ను, పొగాకు బోర్డు రిజిస్ట్రేషన్‌ను చూసి బ్యాంకులు ధైర్యంగా అప్పు ఇవ్వడానికి ఈ ఏర్పాటే మూలం. ఈ ఏర్పాటు కూడా ధర ఉన్నంతవరకే పనిచేస్తుంది. 2015లో ధరలు కుప్పకూలి నోబిడ్లు పెరిగినప్పుడు వేలం డబ్బు బ్యాంకు బాకీకే చాలక, కూలీల బాకీలకు, పుల్లల బాకీలకు రైతులు బయటి వడ్డీ తేవాల్సి వచ్చింది. బ్యాంకు బాకీ ముందు తీరింది కనుక బ్యాంకు లెక్కలో మొండి బాకీ తక్కువే కనిపించి ఉండవచ్చు. కష్టం ఇంకో పుస్తకంలోకి మారింది.

బంగారం తాకట్టు కూడా ఈ కోవలోదే. అరగంటలో డబ్బు చేతికిచ్చే అదే బ్రాంచి, రొయ్యల గుంటకు అడిగితే నెలలు తిప్పుతుందని విసుక్కుంటాం. బంగారాన్ని వేలం వేస్తే బాకీ వసూలవుతుంది. తెల్లమచ్చ సోకిన గుంటలో రాత్రికి రాత్రి మిగిలేది నీళ్లే. 1990ల నడుమ టైగర్ రొయ్య ఆ తెగులుకు ఆహుతైనప్పుడు నెల్లూరు తీరంలో బ్యాంకులు చేతులు కాల్చుకున్నాయి. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక సాగు మళ్లీ విస్తరించినా, పెట్టుబడిలో పెద్ద భాగం మేత డీలర్ల నుంచే వస్తోంది. డీలరు వడ్డీ అని రాయడు. మేత బస్తాకు నగదు ధర ఒకటి, అప్పు ధర ఒకటి ఉంటుంది, పట్టుబడి అయ్యాక రొయ్య ఎవరికి అమ్మాలో కూడా ఆ బాకీయే నిర్ణయిస్తుంది. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య ధర తడబడింది. అలాంటప్పుడు బ్యాంకు కొత్త అప్పులు ఆపేస్తుంది, డీలరు ఆపడు గాని అప్పు ధర పెంచుతాడు.

ఒకచోటి ఎగవేత ఇంకోచోటి వడ్డీని ఎలా కదిలిస్తుందో మన రాష్ట్రమే దేశానికి చూపించింది. దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమంతో కదిలిన నెల్లూరు జిల్లా ఆడవాళ్లు 1990ల్లో పొదుపు సంఘాలు కట్టారు. ఆ సంఘాల క్రమశిక్షణను చూసే తర్వాతి కాలంలో సూక్ష్మరుణ సంస్థలు ఊరూరా వచ్చిపడ్డాయి. 2010 అక్టోబరులో వాటి వసూళ్ల దౌర్జన్యాలను అరికట్టడానికి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అది రావాల్సిన ఆర్డినెన్సే. దాంతో రాష్ట్రంలో వసూళ్లు దాదాపు నిలిచిపోయాయి. ఆ సంస్థలకు డబ్బు ఇచ్చేవి బ్యాంకులే కనుక, తమ సొమ్ము ఏమవుతుందోనని అవి దేశమంతటా సూక్ష్మరుణ సంస్థలకు నిధులు బిగబట్టాయి. ఇక్కడి గొడవతో ఏ సంబంధమూ లేని ఇతర రాష్ట్రాల మహిళలకూ అప్పులు పుట్టడం కష్టమైంది. 2014లో రుణమాఫీ హామీ తర్వాత కూడా ఇలాంటిదే జరిగింది. కుటుంబానికి లక్షన్నర వరకు మాఫీ వస్తుందని చెల్లింపులు ఆపిన రైతులు, సొమ్ము విడతలుగా రావడంతో, గడువు దాటి వడ్డీ రాయితీ కోల్పోయారు. ఖాతా బకాయిలో ఉండటంతో కొత్త అప్పూ పుట్టలేదు. మాఫీ మంచిదా చెడ్డదా అన్న చర్చలో ఈ మధ్యకాలపు వడ్డీ లెక్క ఎవరూ వేయరు.

2025 మార్చి నాటికి స్థూల నిరర్థక ఆస్తులు 2.3 శాతానికి దిగాయి. వసూళ్లు, దివాలా చట్టం, కొత్త అప్పుల్లో జాగ్రత్త అందుకు కొంత కారణం. పుస్తకాల్లోంచి తీసేయడం మరికొంత. 2014-15 నుంచి 2023-24 దాకా పదేళ్లలో బ్యాంకులు రైటాఫ్ చేసిన మొత్తం సుమారు 16.35 లక్షల కోట్ల రూపాయలని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. రైటాఫ్ అంటే మాఫీ కాదు. బాకీదారు మీద వసూలు హక్కు అలాగే ఉంటుంది. కానీ దానికి పెట్టిన ప్రొవిజన్ అప్పటికే లాభంలోంచి పోయింది, తర్వాత వసూలైనంతవరకే తిరిగి వస్తుంది. నిష్పత్తి తగ్గినంత మాత్రాన ఆ ఏళ్లలో కట్టిన అదనపు వడ్డీ ఎవరికీ వెనక్కి రాదు.

ఇక ముందు ఈ భారం ఇంకా ముందుగానే పడేట్టుంది. బాకీ మొండికేశాక కాకుండా, మొండికేసే అవకాశాన్ని ముందే అంచనా వేసి ప్రొవిజన్ పెట్టే పద్ధతిని 2027 ఏప్రిల్ నుంచి తేవాలని రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరులో ముసాయిదా విడుదల చేసింది. అది అమలైతే, వాయిదా నెలో రెండు నెలలో ఆలస్యమైన ఖాతా కూడా బ్యాంకుకు ఇప్పటికన్నా ఎక్కువ ఖర్చు తెస్తుంది. అప్పు తీసుకునేవారికి ఒక వెసులుబాటు ఇప్పటికే ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తిగత అప్పులకు, చిన్న పరిశ్రమల అప్పులకు బ్యాంకు ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలి. రుసుములన్నీ కలుపుకుని ఏడాదికి పడే అసలు శాతం అందులో ఉంటుంది. ఆ పత్రం తీసుకుని, కొలబద్ద ఎంత, దాని మీద స్ప్రెడ్ ఎంత, అందులో మీ పరపతిని బట్టి వేసినది ఎంత అని విడదీసి అడగండి. ఇదే రకం అప్పుకు మరో బ్యాంకు వేసిన స్ప్రెడ్ తక్కువగా ఉండి, మీ సిబిల్ స్కోరు కూడా బాగుంటే, ఆ తేడాలో ఎవరివో పాత బాకీలు ఉండవచ్చు. దాని మీద బేరమాడవచ్చు, ఒప్పుకోకపోతే అప్పును ఇంకో బ్యాంకుకు మార్చుకోవచ్చు. మారే వడ్డీకి వ్యక్తులు తీసుకున్న ఇంటి అప్పును ముందుగా తీర్చేస్తే రుసుము వసూలు చేయడానికి బ్యాంకుకు అనుమతి లేదు.